కొత్త పావు చేసే పిల్లలకూ కాస్త చోటివ్వండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం పేజీలో వచ్చే చదరంగం పజిల్‌ను కత్తిరించి పాత డైరీలో అంటించుకునే పాఠకుణ్ణి నేను. ‘తెల్ల ఎత్తు, రెండెత్తుల్లో ఆటకట్టు’ అని ఉంటుంది చూడండి, అదే. నాకు అరవై ఏడేళ్ళు. ఆటోనగర్‌లో ముప్పై నాలుగేళ్ళు లేత్ మిషన్ మీద టర్నర్‌గా పనిచేసి, చూపు మందగించాక మానేశాను. ఉండేది అజిత్ సింగ్ నగర్. పత్రికకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. మా మనవరాలి నోటుపుస్తకంలో ఒక పేజీ చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

అమ్మాయి ఎనిమిదో తరగతి. సాయంత్రాలు చదరంగం కోచింగ్‌కి వెళ్తుంది. పోయిన నెల ఒక రోజు ముఖం ముడుచుకుని ఇంటికొచ్చింది. పుస్తకం తీసి చూస్తే, తను చేతితో గళ్ళు గీసి, ఒక కొత్త పావు ఎటెటు నడుస్తుందో చుక్కలు పెట్టుకున్న పేజీ మీద ఎర్ర ఇంకుతో అడ్డంగా గీత ఉంది. ‘ఈ పిచ్చి గీతలకు టైముంటే పది ప్రాబ్లమ్స్ చేసుకో, ఉన్న ఆట రాక కొత్త ఆటలెందుకు’ అన్నారట సార్. ఆ సార్ మీద నాకు కోపం లేదు. పిల్లల్ని టోర్నమెంట్లకు తయారుచేయడం ఆయన పని, ఆ పని ఆయన బాగానే చేస్తున్నారు. కానీ ఆ పేజీలో ఉన్నవి పిచ్చి గీతలు కావు. అవి ఎక్కడ పుట్టాయో చెబితే మీకే తెలుస్తుంది.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. ముందు రోజంతా కుండపోత. తెల్లవారేసరికి బుడమేరు నీళ్ళు మా వీధిలోకి వచ్చాయి. మధ్యాహ్నానికి కింది వాటాలో మంచం మునిగింది. చేతికందినవి పట్టుకుని మేడ మీదికి పరిగెత్తాం. మా ఆవిడ బియ్యం డబ్బా, కోడలు సర్టిఫికెట్ల సంచి, నేను పనిముట్ల పెట్టె, మనవరాలు చదరంగం డబ్బా. మెట్ల మీద ఆ డబ్బా మూత ఊడి కొన్ని పావులు నీళ్ళలో పడిపోయాయి. పైకెళ్ళి లెక్కపెడితే తెల్ల మంత్రి లేదు. తెల్ల ఏనుగు ఒకటి లేదు. నల్ల శకట్లు రెండూ లేవు. (శకటు అంటే ఐమూలగా నడిచే పావు, ఇంగ్లీషులో బిషప్. మా నాన్న దాన్ని ఒంటె అనేవారు. మా వీధిలో సగం మంది ఇప్పటికీ ఒంటే అంటారు.)

ఆరు రోజులు మేడ మీదే ఉన్నాం. కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి. పడవల్లో వచ్చినవాళ్ళు పాలు, నీళ్ళు ఇచ్చారు, డ్రోన్లతో డాబాల మీద అన్నం పొట్లాలు దించారు. రాత్రిళ్ళు కప్పల చప్పుడు, ఎక్కడో ఎవరో పిలుస్తున్న కేకలు. ఆ భయంలో పిల్లకు ఏదో ఒక పని ఉండాలని చదరంగం పరిచాను. లేని పావుల బదులు నా పెట్టెలోవి పెట్టాం. తెల్ల మంత్రి చోట బేరింగు, ఏనుగు చోట బోల్టు, రెండు శకట్ల చోట రెండు నట్లు.

రెండు రోజులు మామూలు ఆటే ఆడుకున్నాం. మూడో రోజు నట్టును చేతిలో పట్టుకుని, ఎత్తు వేయకుండా ఆగిపోయింది. ‘తాతయ్యా, ఇది శకటులా లేదు కదా, శకటులా ఎందుకు నడవాలి?’ అంది.

నేను జవాబు చెప్పలేకపోయాను. ముప్పై నాలుగేళ్ళు ఇనుము చెక్కినవాణ్ణి, వస్తువు ఆకారాన్ని బట్టే దాని పని ఉంటుందని నాకంటే బాగా ఎవరికి తెలియాలి? సరే, నువ్వే చెప్పు, ఎలా నడవాలో అన్నాను.

ముందు బేరింగుతో మొదలుపెట్టింది. బేరింగు ఎటైనా తిరుగుతుంది కాబట్టి మంత్రిలా నిలువునా, అడ్డంగా, ఐమూలగా ఎంతదూరమైనా వెళ్ళొచ్చు, పైగా గుర్రంలా ఎగరొచ్చు కూడా. ఆ ఆట పదకొండో ఎత్తుకు అయిపోయింది. రంగులు మార్చుకుని ఆడాం, ఈసారి నేను ఇంకా తొందరగా గెలిచాను. ఆ పావుకు తన రాజు సాయం కూడా అక్కర్లేదు, ఒంటరి రాజును ఒక్కటే తరిమి ఆటకట్టేస్తుంది. రెండో ఆట అయ్యాక పిల్ల తనే బేరింగును పక్కన పెట్టి, ‘ఇది ఉంటే మిగతా పావులు ఎందుకు తాతయ్యా?’ అంది. దీన్ని నేను చెప్పి నేర్పాలంటే ఎంత కాలం పట్టేదో. బలం ఎక్కువైతే ఆట తక్కువవుతుందని రెండు ఆటల్లో తనకే తెలిసింది.

తర్వాత బోల్టు. బోల్టు దూరాలంటే రంధ్రం ఉండాలి కదా, అందుకని అది ఏనుగులా తిన్నగా నడుస్తుంది, కానీ చంపాలంటే మాత్రం మధ్యలో ఒక పావు ఉండాలి, దాన్ని దాటి అవతలిదాన్ని చంపాలి అని పెట్టింది. ఇది చాలా బాగా ఆడింది. మధ్యలో ఉన్న పావు నాదైనా తనదైనా పరవాలేదు కాబట్టి, నా బంటే తనకు నిచ్చెన అయ్యేది. ఎటునుంచి చెక్ వస్తోందో చూడడానికి కొత్త కళ్ళు కావాల్సి వచ్చింది. ఒక లోపం బయటపడింది. బోర్డు నిండుగా ఉన్నప్పుడు బోల్టు పెద్దపులి. పావులు తగ్గేకొద్దీ దాటడానికి ఏమీ ఉండదు, చివరికి రాజు పక్కన ఊరికే నిలబడి ఉంటుంది. అన్ని పావులూ ఆట చివరికి బలపడతాయని నేను అనుకునేవాణ్ణి. గుంపును బట్టి బలం పెరిగి తగ్గే పావు ఉంటుందని ఆ రోజే తెలిసింది.

కరెంటు వచ్చాక మా అబ్బాయి ఫోన్‌లో వెతికి చెప్పాడు. చైనావాళ్ళ చదరంగంలో ఫిరంగి అనే పావు ఉంది. అది సరిగ్గా ఇలాగే నడుస్తుంది, ఇలాగే చంపుతుంది. పిల్ల బాధపడుతుందేమో, తన బోల్టు ఎప్పుడో ఎవరో కనిపెట్టేశారని అనుకున్నాను. తను మాత్రం గెంతింది. ‘అయితే నాది కరెక్టే కదా!’

ఇక నట్టు సంగతి. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎర్ర గీత పడింది దీని పేజీ మీదే.

నట్టుకు ఆరు పక్కలు. బోర్డు మీద ఒక గడి చుట్టూ ఎనిమిది గళ్ళు. అందులో ఆరింటికి ఒక్కో అడుగు వేయొచ్చు, రెండింటికి వీల్లేదు అనుకుంది. ఏ రెండు వదలాలి? రెండు రోజులు ఇదే చర్చ. ముందుకూ వెనక్కీ వదిలితే అది నత్తలా అయిపోయింది. చివరికి కుడి ఎడమలు వదిలింది. అంటే ముందుకు ఒకటి, వెనక్కి ఒకటి, నాలుగు ఐమూలలు. మొత్తం ఆరు.

ఇప్పుడు చింతగింజలు తెచ్చాం. నట్టును ఒక్కో గడిలో పెట్టి, అక్కడి నుంచి ఎన్ని గళ్ళకు వెళ్ళగలదో గింజలు పెట్టి లెక్కపెట్టాం. అరవై నాలుగు గళ్ళకూ కూడితే 308. గుర్రానికీ అలాగే చేశాం, 336 వచ్చింది. అంటే గుర్రానికి సగటున ఐదుంపావు గళ్ళు, నట్టుకు ఐదుకు కాస్త తక్కువ. రెండూ దగ్గర దగ్గరే కాబట్టి సరితూగుతాయనుకున్నాం. ఆడితే అలా లేదు. బోర్డు ఈ చివర నుంచి ఆ చివరికి గుర్రం నాలుగెత్తుల్లో చేరుతుంది, నట్టుకు ఏడు కావాలి. కానీ రాజు పక్కన కాపలా పెడితే నట్టును కదిలించడం కష్టం. లెక్క ఒకటి చెబుతుంది, ఆట ఇంకొకటి చెబుతుంది, రెండూ చూడాలి. ఈ గింజల లెక్కలోనే ఇంకోటి దొరికింది. గుర్రానికి మూలగడిలో రెండే దారులు, నడి బోర్డులో ఎనిమిది. ‘గుర్రాన్ని అంచున పెట్టకు’ అని కోచింగ్‌లో వందసార్లు చెప్పి ఉంటారు. ఎందుకో పిల్లకు ఆ రోజు కళ్ళకు కనబడింది.

రెండు వైపులా ఉన్న నాలుగు శకట్ల చోటా నట్లే పెట్టి మొదటి అమరిక సరిచూశాం. మొదట్లో ఏ బంటూ కాపలా లేకుండా ఉండకూడదు, అంటే దాన్ని చంపినదాన్ని తిరిగి చంపే మన పావు ఒకటి ఉండాలి, ఇది చూడడం తప్పనిసరి. మా అమరికలో అన్ని బంట్లకూ కాపలా ఉంది. శకటు జన్మంతా ఒకే రంగు గళ్ళలో తిరుగుతుంది, నట్టు ముందుకో వెనక్కో ఒక్క అడుగు వేస్తే రంగు మారుతుంది. అది కూడా పుస్తకంలో రాసుకుంది.

మా అబ్బాయి ఈ నట్టు గురించి కూడా వెతికాడు. దొరికింది విని నేను కాసేపు మాట్లాడలేదు. దాదాపు వెయ్యేళ్ళ క్రితం, 1030 ప్రాంతంలో, అల్‌బెరూనీ అనే పండితుడు మన దేశంలో చదరంగం ఎలా ఆడతారో రాశాడు. అప్పటి మన ఏనుగు ముందుకు ఒక గడి, నాలుగు ఐమూలలకూ ఒక్కో గడి నడిచేదట. నాలుగు కాళ్ళు, ఒక తొండం, మొత్తం ఐదు. థాయిలాండ్‌లో వాళ్ళ చదరంగంలో ఒక పావు ఈ రోజుకీ అలాగే నడుస్తుంది. మా పిల్ల చేసిన నట్టు సరిగ్గా ఆ ఏనుగే, వెనక్కి ఒక్క అడుగు ఎక్కువ. అది విని తను, ‘నేను దానికి తోక పెట్టానన్నమాట’ అంది.

వరద నీళ్ళ మధ్య, సింగ్ నగర్ మేడ మీద, పదేళ్ళు దాటిన ఒక పిల్ల తన బుర్రతో తిరిగి తిరిగి వెయ్యేళ్ళనాటి మన ఏనుగు దగ్గరికి వచ్చింది. ఆ పేజీ మీద, సంపాదకులు గారూ, ఎర్ర గీత పడింది.

మన పెద్దవాళ్ళు ఆడిన ఆట ఇప్పటి ఆట కాదు. మా నాన్న నాకు నేర్పినప్పుడు బంటు మొదట్లో కూడా ఒక్క గడే కదిలేది. రాజుకు చెక్ పడకముందు ఒక్కసారి గుర్రంలా దూకే హక్కు ఉండేది. అవతలి అంచుకు చేరిన బంటు ఏ వరసలో చేరితే ఆ వరస పావు అయ్యేది, గుర్రం వరసలో చేరితే గుర్రమే, మంత్రి కావాలంటే కుదరదు. తర్వాత ఆటోనగర్‌లో భోజనం టైములో కుర్రాళ్ళతో ఆడబోతే, ఇదేం ఆట అన్నారు. నేను కొత్త పద్ధతి నేర్చుకున్నాను. దానివల్ల నా బుర్ర పాడవలేదు. పంజాబ్ నుంచి ఇంగ్లండ్ వెళ్ళిన మీర్ సుల్తాన్ ఖాన్ కూడా ఈ దేశవాళీ పద్ధతిలోనే పెరిగి, తర్వాత యూరప్ పద్ధతి నేర్చుకుని 1929లో, 1932లో, 1933లో బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు. రెండు రకాల నియమాలు తెలిస్తే పిల్లలు కన్‌ఫ్యూజ్ అవుతారనే మాట నేను ఒప్పుకోను. మా అమ్మాయి టోర్నమెంట్ బోర్డు మీద ఒక్కసారి కూడా శకటును నట్టులా నడపలేదు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు వీళ్ళు.

యూరప్ పద్ధతి కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఐదు వందల ఏళ్ళ క్రితం దాకా అక్కడి మంత్రి ఐమూలగా ఒక్క గడే నడిచేది. శకటు స్థానంలో ఉన్న అప్పటి ఏనుగు ఐమూలగా రెండో గడికి ఎగిరేది. దాన్నీ గింజలు పెట్టి చూశాం. ఎక్కడ మొదలుపెట్టినా 64 గళ్ళలో ఎనిమిదింటిని మాత్రమే చేరగలదు. రెండు వైపులా కలిపి నాలుగు ఏనుగులుంటే, ఒకదాని గళ్ళు ఇంకోదానివి కావు, ఆట మొత్తంలో అవి ఒకదాన్నొకటి తాకనే తాకవు. అంత చేతగాని పావును చూసి ఎవరో, ఎక్కడో, ఇది ఇలా ఎందుకు ఉండాలి అని అడిగి ఉంటారు. అడిగారు కాబట్టే ఈ రోజు మనకు ఈ శకటు, ఈ మంత్రి ఉన్నాయి. అప్పుడు కూడా ఉన్న ఆట రాక కొత్త ఆటలెందుకని ఎవరో అనే ఉంటారు.

ఆట రానివాళ్ళే కొత్త పావులు చేస్తారనేది అసలు నిజం కాదు. 1921 నుంచి 1927 దాకా ప్రపంచ చాంపియన్‌గా ఉన్న కాపబ్లాంకా పది గళ్ళ వెడల్పు బోర్డు మీద రెండు కొత్త పావులు పెట్టాడు. ఒకటి ఏనుగూ గుర్రమూ కలిసింది, రెండోది శకటూ గుర్రమూ కలిసింది. సరిగ్గా ఈ రెండు కలయికలనే 1617లో ఇటలీలో కరేరా అనే మతగురువు ప్రతిపాదించి ఉన్నాడు. అంతటి కాపబ్లాంకా పేరు మీద ఇప్పుడు చలామణిలో ఉన్న అమరికను బోర్డు మీద పేర్చి చూస్తే, రాజు వైపు చివరి నుంచి రెండో బంటుకు మొదట్లో కాపలా లేదు. మనవరాలే పట్టుకుంది. ‘మనం చూసుకున్నాం తాతయ్యా, ఆయన చూసుకోలేదు’ అంది. ఒకప్పటి ప్రపంచ చాంపియన్, అమెరికా ఆటగాడు ఫిషర్ 1996లో వెనక వరస పావుల్ని 960 రకాలుగా మార్చి పేర్చే ఆట ప్రకటించాడు. మన ఆనంద్, రష్యా క్రామ్నిక్ 2021లో జర్మనీలోని డార్ట్‌మండ్‌లో క్యాస్లింగ్ (రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో కదపడం) లేని చదరంగం నాలుగు ఆటలు ఆడారు, ఆనంద్ గెలిచాడు. ఇద్దరూ ప్రపంచ చాంపియన్లుగా ఉన్నవాళ్ళే. 1994లో ఇంగ్లండ్‌లో డేవిడ్ ప్రిచర్డ్ ఇలాంటి రకరకాల చదరంగాలన్నీ కూర్చి ఒక విజ్ఞాన సర్వస్వమే వేశాడు, అందులో 1400కు పైగా ఆటలున్నాయి.

మీ పజిల్ శీర్షికకు కూడా దీనితో చుట్టరికం ఉంది. 1913లో డాసన్ అనే ఇంగ్లండ్ పజిళ్ళ రచయిత మిడత అనే పావు చేశాడు. మంత్రి వెళ్ళే దారుల్లోనే వెళ్తుంది, కానీ ఏదో ఒక పావు మీంచి దూకాలి, దూకి దాని వెనక గడిలోనే వాలాలి. దూకడానికి ఎవరూ లేకపోతే కదలదు. ఈ మిడతతో ప్రపంచమంతా ఎన్నో పజిళ్ళు కట్టారు. మన తెలుగు పేపర్లో ఒక్కటి కూడా నా కంట పడలేదు.

ఇంట్లో మా పని ఆగలేదు. నీళ్ళు తగ్గి, బురద ఎత్తిపోసి, గోడలు ఆరాక, నిజం పావులు చేద్దామనుకున్నాను. నట్టును నట్టులాగే పెడితే ఒక చిక్కు ఉంది. దాని పక్కలు అరవై డిగ్రీల చొప్పున ఉంటాయి, బోర్డు మీద ఐమూలలు నలభై ఐదు డిగ్రీలవి. చూసినవాడికి అది ఎటు నడుస్తుందో తప్పుగా అర్థమవుతుంది. కొత్త పావుకు ఆకారమే నోరు. రూల్ చెప్పకముందే చూసి సగం పోల్చుకోగలగాలి. అందుకని గుండ్రటి తలకాయ తిప్పి, దానికి ఆరు వైపులా, అది వెళ్ళే దిక్కుల్లోనే ఆరు గాళ్ళు కోశాను. కుడి ఎడమలు నున్నగా వదిలేశాను. పిల్లల చేతికిస్తే ఎవరూ అడగకుండానే సరిగ్గా నడిపారు. మొదట కొండపల్లి నుంచి తెల్లపొణికి ముక్కలు తెచ్చాను. అది బొమ్మలకు బంగారం లాంటి చెక్క, కానీ మరీ మెత్తన. ఎంత పదును పెట్టిన టూల్‌తో తిప్పినా గాడి అంచు లేచిపోయింది. కొండపల్లి కళాకారులు దాన్ని చేత్తో చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, రంగు వేస్తారు, ఆ చెక్క ఆ చేతులకే లొంగుతుంది. నేను టేకు తునకలతో తిప్పుకున్నాను. అడుగున ఒక్కో వాషరు అంటించాను, ఫ్యాన్ గాలికి పడకుండా.

ఈ ఏడాదిన్నరలో వీధి పిల్లలు ఎనిమిది మంది దాకా వచ్చి ఏదో ఒక పావు చేశారు. వాళ్ళకు నేను చెప్పేవి షెడ్డులో మా మేస్త్రీ నాకు చెప్పినవే. ఒకేసారి రెండు మార్చకు, మారిస్తే ఏది చెడగొట్టిందో తెలియదు. ట్రయల్ తోలకుండా బండి ఇవ్వకు. నీ పావుతో నువ్వు గెలవడం కాదు, అదే పావు అవతలివాడి చేతిలో పెట్టి ఆడు. రూల్ ఒక్క ఊపిరిలో చెప్పలేకపోతే ఇంకా తయారవలేదని. వీటిలో ఆఖరిదే పిల్లలకు కష్టం. ఒక అబ్బాయి చేసిన ‘దెయ్యం’కి పదకొండు షరతులున్నాయి. వారం రోజులు కొట్టుకుంటూ కొట్టుకుంటూ రెండుకు తెచ్చాడు. అది ఖాళీ గడి ఏదైనా సరే చేరగలదు, కానీ ఎవరినీ చంపలేదు. బాగుంది. అడ్డుపడడానికే పుట్టిన పావు. కోచింగ్ ఫీజు కట్టలేని ఇంటి పిల్లాడు వాడు. టోర్నమెంట్‌లో వాడికి ఏ ర్యాంకూ లేదు. మా వసారాలో వాడి దెయ్యం కోసం మిగతా పిల్లలు వరసలో నిలబడతారు.

మన ప్రాంతానికి చదరంగంలో పేరుంది. 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయి, 2019లో, మళ్ళీ 2024లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ టైములో ఆడే ఆట) చాంపియన్ అయిన కోనేరు హంపి మన కృష్ణా జిల్లా బిడ్డ. గ్రాండ్‌మాస్టర్లు హారిక, హరికృష్ణ గుంటూరు వాళ్ళు. వాళ్ళను చూసి వీధివీధినా పిల్లలు బోర్డు ముందు కూర్చున్నారు, అది మనందరి అదృష్టం. కానీ కూర్చున్న ప్రతి పిల్లా గ్రాండ్‌మాస్టర్ కాదు. రేటింగ్ రాలేదని పదో తరగతికి ముందే ఆట మానేసినవాళ్ళను మా వీధిలోనే చూశాను. టెన్షన్‌తో కడుపునొప్పి తెచ్చుకున్న పిల్లను చూశాను. ఆడి గెలవడం ఒక దారి. ఆటను తయారుచేయడం ఇంకో దారి, దానికి వేరే రకం బుర్ర కావాలి, ఆ బుర్ర ఉన్న పిల్లలు మన మధ్య ఉన్నారు. వాళ్ళకు తలుపు వేసేస్తున్నాం.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీ ఆదివారం పేజీలో నెలకొకసారి, ఆ పజిల్ పక్కనే, ఒక పిల్లో పిల్లాడో చేసిన పావును వేయండి. బొమ్మ ఒకటి, రూల్ నాలుగు లైన్లు, అది ఎక్కడ బలహీనమో రెండు లైన్లు. బలహీనత కూడా రాయమని తప్పకుండా అడగండి, ఆలోచన అంతా అక్కడే ఉంటుంది. మొదటి నెలకు నట్టు బొమ్మ, గింజల లెక్క నేనే పంపిస్తాను.

టోర్నమెంట్లు నడిపే పెద్దలకు కూడా ఒక మాట. రౌండుకీ రౌండుకీ మధ్య, ఎవరితో ఎవరు ఆడాలో చెప్పే పెయిరింగ్స్ కోసం పిల్లలు గంటల తరబడి మెట్ల మీద కూర్చుంటారు, ఫోన్లు చూస్తుంటారు. ఆ హాల్లో ఒక మూల ఒక బల్ల వేసి, రెండు బోర్డులు, ఒక డబ్బా కొత్త పావులు పెట్టండి. ఖర్చేమీ లేదు. పావులు నేను తిప్పిస్తాను, నాకు డబ్బు అక్కర్లేదు. వేసవి సెలవుల్లో క్యాంపులు పెట్టేవాళ్ళు ముప్పై రోజుల్లో ఒక్క రోజు ఈ పనికి ఇవ్వండి. కోచింగ్ సార్లకు చేతులెత్తి చెబుతున్నాను, నోటుపుస్తకంలో ఇలాంటి పేజీ కనబడితే కొట్టెయ్యకండి. ‘దీన్ని నల్ల పావుల వైపుకిస్తే ఏమవుతుంది?’ అని ఒక్క ప్రశ్న వేసి పుస్తకం తిరిగి ఇచ్చేయండి.

మా మనవరాలు ఆ ఎర్ర గీత పేజీ చింపలేదు. ఆ తర్వాత పదిహేను రోజులు పుస్తకం తెరవలేదు కూడా. మొన్న ఆదివారం నాకు తెలియకుండా కొత్త పేజీ మొదలుపెట్టింది. ఈసారి పావు పేరు పడవ. మమ్మల్ని మేడ మీంచి దించిన పడవ అన్నమాట. పక్కనున్న తన బంటును ఎక్కించుకుని మూడు గళ్ళ దాకా తీసుకెళ్ళి దించగలదు. బంటును ఎక్కించుకున్న పడవను శత్రువు చంపితే బంటు కూడా పోతుందా, లేక ఆ గడి పక్కన నిలబడి మిగులుతుందా అన్నది ఇంకా తేల్చలేదు. మిగలాలని తనంటోంది. అలా అయితే పడవ మరీ బలమైపోతుందని నేనంటున్నాను. ఈ ఉత్తరం పోస్ట్ చేసి వచ్చాక మళ్ళీ కూర్చోవాలి, బోర్డు పరిచే ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టర్నర్,
అజిత్ సింగ్ నగర్, విజయవాడ